ఏ వేడిలో పెరిగితే ఆ పొర: బ్యాక్టీరియా కణం బయటి కొవ్వుల కథ

మే నెలలో కర్నూలులో మైక్రోబయాలజీ ల్యాబ్ నడపడం తేలికైన పని కాదు. మామూలు ఇంక్యుబేటర్‌లో వేడి చేసే హీటర్ ఉంటుంది గానీ చల్లబరిచే ఏర్పాటు ఉండదు. గదిలో కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉన్న వేడిని మాత్రమే అది నిలకడగా ఉంచగలదు. బయట 43, 44 డిగ్రీల ఎండ కాస్తూ, కరెంటు పోయి ఏసీ ఆగిపోయిందంటే గదిలోనే 38 దాటిపోతుంది. అప్పుడు 37 దగ్గర పెట్టిన ఇంక్యుబేటర్ లోపల ప్లేట్లు 39, 40 దగ్గర ఉడుకుతుంటాయి. కంప్రెసర్ ఉన్న ఇంక్యుబేటర్, అంటే ల్యాబుల్లో అందరూ ‘బీవోడీ’ అని పిలిచేది, రాయలసీమలో తప్పనిసరి అవసరం. పాఠ్యపుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. ఆ లెక్క ఇక్కడ ఎండాకాలంలో పనికిరాదు.

రెండు మూడు డిగ్రీల తేడాకే కంగారు దేనికి, కాలనీలు ఎలాగూ వస్తాయి కదా అనిపించవచ్చు. నిజమే, ప్లేటు మీద రంగు, ఆకారం చాలాసార్లు అలాగే ఉంటాయి. రిపోర్టులో రాసే పేరూ అదే. మారేది కంటికి కనిపించదు. కణం చుట్టూ ఉన్న పొరలోని రసాయనాలు, ముఖ్యంగా కొవ్వు ఆమ్లాలు, అది పెరిగిన ఉష్ణోగ్రతను బట్టి మారిపోతాయి. ఉష్ణోగ్రత తేడా పది ఇరవై డిగ్రీలైతే ఒకే జాతి బ్యాక్టీరియా రెండు వేర్వేరు పొరలతో తయారవుతుంది. అందువల్ల ఒక బ్యాక్టీరియా పేరు చెప్పినంత మాత్రాన దాని ఉపరితలం ఎలాంటిదో చెప్పినట్టు కాదు. ఎన్ని డిగ్రీల దగ్గర పెరిగిందో కూడా చెప్పాలి. ఆసుపత్రి పరీక్షకైనా, అనంతపురం చేలల్లో వేసే జీవన ఎరువుకైనా ఇది వర్తిస్తుంది.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన రంగు పరీక్ష ప్రకారం బ్యాక్టీరియాను ఈనాటికీ రెండు పెద్ద వర్గాలుగా విడదీస్తారు. అందులో గ్రామ్ నెగటివ్ వర్గానికి, అంటే మన పేగుల్లో ఉండే ఈ.కోలై, సాల్మొనెల్లా, ప్లేగు క్రిమి, వేరుశనగ వేర్లలో ఉండే రైజోబియం లాంటి వాటికి, కణం చుట్టూ ఒకటి కాదు, రెండు పొరలుంటాయి. బయటి పొర మందం నానోమీటర్లలో పది కూడా ఉండదు. అందులో లోపలి వరస మామూలు ఫాస్ఫోలిపిడ్లతో, అంటే ఫాస్ఫేట్ ఉన్న కొవ్వులతో, తయారవుతుంది. బయటి ప్రపంచానికి ఎదురుగా ఉండే వరసలో మాత్రం దాదాపు అంతా లైపోపాలీశాకరైడ్, పొట్టిగా ఎల్‌పీఎస్. ఒక్కో ఈ.కోలై కణం మీద ఈ అణువులు సుమారు పది లక్షలు ఉంటాయి.

ఎల్‌పీఎస్ పై భాగం చక్కెరల గొలుసు. దానికి అడుగున, పొరలో పాతుకుని ఉండేది లిపిడ్-ఏ. దాని నుంచి కొవ్వు ఆమ్లాల తోకలు వేలాడుతుంటాయి, ఈ.కోలైలో అయితే ఆరు. లిపిడ్-ఏ మీద ఫాస్ఫేట్లు ఉంటాయి కాబట్టి వాటికి రుణావేశం ఉంటుంది. పక్కపక్కనే ఉన్న అణువులు ఒకదాన్నొకటి వికర్షించకుండా మెగ్నీషియం, కాల్షియం అయాన్లు మధ్యలో చేరి పట్టి ఉంచుతాయి. చాలా యాంటీబయాటిక్‌లు గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద పనిచేయకపోవడానికి ఈ గట్టి అమరిక ఒక ప్రధాన కారణం. మన రోగనిరోధక వ్యవస్థ ‘పరాయిది వచ్చింది’ అని పసిగట్టేది కూడా ఈ లిపిడ్-ఏ తోనే. అంటే కణానికి రక్షణ ఇచ్చేదీ, దాన్ని పట్టించేదీ ఒకే అణువు. ఉష్ణోగ్రత మారినప్పుడు అదే మారుతుంది.

ఎందుకు మారాలి? దీనికి జవాబు వంటింట్లో ఉంది. డిసెంబరు ఉదయం అనంతపురంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, పక్కనే శనక్కాయ నూనె మాత్రం ధారగా కారుతుంది. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వాటి గొలుసులు తిన్నగా ఉంటాయి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా సర్దుకుని తొందరగా గడ్డకడతాయి. శనక్కాయ నూనెలో అసంతృప్తమైనవి ఎక్కువ. వాటి గొలుసు మధ్యలో ద్విబంధం ఉన్నచోట వంకర వస్తుంది, ఒత్తుగా సర్దుకోవడం కుదరదు. పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం కరగాలంటే 63 డిగ్రీలు కావాలి. అదే పొడవున్న పామిటోలియిక్ ఆమ్లం సున్నా డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. రెండింటికీ తేడా ఒక్క ద్విబంధమే.

కణం పొర కూడా ఇలాంటి కొవ్వులతోనే తయారైంది. పొర మరీ బిగుసుకుంటే అందులోని ప్రోటీన్లు కదలలేవు, పోషకాలు లోపలికి రావు. మరీ పలచబడితే కారిపోతుంది. మనిషి ఒంట్లో ఉష్ణోగ్రత 37 దగ్గర నిలబడి ఉంటుంది కాబట్టి మన కణాలకు ఈ సమస్య పెద్దగా లేదు. బ్యాక్టీరియాకు ఒంటి వేడి అంటూ ఏమీ లేదు. చుట్టూ ఎంత ఉంటే దానికీ అంతే. కాబట్టి అది వేడిని మార్చలేక కొవ్వులనే మార్చుకుంటుంది.

అలెన్ మార్, జాన్ ఇంగ్రహమ్ 1962లో ప్రచురించిన కొలతలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. ఈ.కోలైని 10 డిగ్రీల దగ్గర పెంచితే దాని కొవ్వు ఆమ్లాల్లో పామిటిక్ వాటా సుమారు 18 శాతం. 43 డిగ్రీల దగ్గర పెంచితే అది 48 శాతం దాకా పోయింది. అదే సమయంలో అసంతృప్త ఆమ్లాల వాటా బాగా పడిపోయింది. 1974లో మైఖేల్ సినెన్‌స్కీ మరో అడుగు ముందుకు వేసి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పెరిగిన ఈ.కోలై కొవ్వుల చిక్కదనాన్ని కొలిచాడు. ఏ ఉష్ణోగ్రత దగ్గర పెరిగిన కణాన్ని ఆ ఉష్ణోగ్రత దగ్గరే కొలిస్తే చిక్కదనం దాదాపు ఒకటే వచ్చింది. కణం కాపాడుకునేది ఒక నిర్దిష్టమైన కొవ్వుల జాబితాను కాదు, పొర పనిచేయడానికి కావలసిన చిక్కదనాన్ని. తర్వాతి పరిశోధనల్లో దీనికి సవరణలు వచ్చాయి, అన్ని బ్యాక్టీరియాలూ అంత కచ్చితంగా పాటించవని తేలింది. అయినా మూల ఆలోచన నిలబడింది.

ఇదంతా జరగడానికి కణం ముందుగా ఏదో పెద్ద నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఈ.కోలైలో పదహారు కార్బన్ల అసంతృప్త ఆమ్లాన్ని పద్దెనిమిది కార్బన్లకు పొడిగించే ఎంజైమ్ ఒకటుంది, పేరు ఫ్యాబ్-ఎఫ్. చల్లదనంలో ఆ పని చురుగ్గా సాగుతుంది, వేడిలో మందగిస్తుంది. చలి తగిలిన వెంటనే అప్పటికే కణంలో ఉన్న ఎంజైమే తయారీని అసంతృప్త కొవ్వుల వైపు తిప్పేస్తుంది. కొత్త ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ఉష్ణోగ్రతను కొలిచే పరికరమూ అదే, సరిదిద్దే యంత్రమూ అదే. సూక్ష్మజీవుల శాస్త్రంలో ఇంత పొదుపైన ఏర్పాట్లు అరుదు.

అయితే ఇది ఫాస్ఫోలిపిడ్ల సంగతి. బయటి వరసలో ఉన్న లిపిడ్-ఏ విషయంలో కణం వేరే దారి పట్టింది. ఈ.కోలై లిపిడ్-ఏకి ఉన్న ఆరు తోకల్లో చివరి రెండింటిని రెండు ఎంజైమ్‌లు తగిలిస్తాయి. 37 డిగ్రీల దగ్గర ఎల్‌పీఎక్స్-ఎల్ అనే ఎంజైమ్ పన్నెండు కార్బన్ల సంతృప్త లారిక్ తోకను పెడుతుంది, తర్వాత ఎల్‌పీఎక్స్-ఎం పద్నాలుగు కార్బన్ల తోకను పెడుతుంది. ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు పడిపోతే మామూలప్పుడు నిద్రలో ఉండే ఎల్‌పీఎక్స్-పీ అనే మూడో జన్యువు మేల్కొంటుంది. దాని ఎంజైమ్ లారిక్ తోక ఉండాల్సిన చోట పామిటోలియిక్ తోకను, అంటే వంకర ఉన్నదాన్ని, తగిలిస్తుంది. క్రిస్టియన్ రాట్జ్ బృందం 1999లో ఈ ఎంజైమ్‌ను గుర్తించింది. ఆ జన్యువును తీసేసిన ఈ.కోలై చలిలోనూ పెరుగుతుంది, పైకి ఏ లోపమూ కనిపించదు. కానీ 12 డిగ్రీల దగ్గర రిఫాంపిసిన్, వాంకోమైసిన్ లాంటి మందులు వేస్తే మామూలు ఈ.కోలై కంటే చాలా తక్కువ మోతాదుకే చచ్చిపోతుంది. ఒక్క తోక తప్పుగా ఉన్నందుకు పొర సందుల్లోంచి మందు లోపలికి దూరింది.

వేడి వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల మొదట్లో, వేడిలో బతకలేని ఈ.కోలై రకాలను వెతుకుతుండగా ఒక జన్యువు దొరికింది. అది పాడైతే బ్యాక్టీరియా 30 డిగ్రీల దగ్గర బాగానే ఉంటుంది, పోషకాలు పుష్కలంగా ఉన్న మాధ్యమంలో 33 దాటితే మాత్రం పెరగలేక చనిపోతుంది. అధిక వేడికి అవసరమైన జన్యువు అని దానికి హెచ్‌టీఆర్-బీ అని పేరు పెట్టారు. అది నిజంగా ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. కొన్నేళ్లకు తేలింది, అది మరేదో కాదు, లిపిడ్-ఏకి లారిక్ తోక తగిలించే ఎల్‌పీఎక్స్-ఎల్ జన్యువే. మనిషి పేగుల్లో హాయిగా బతికే క్రిమికి ఆ 37 డిగ్రీలను తట్టుకునే శక్తి ఇచ్చిన వాటిలో పన్నెండు కార్బన్ల తోక ఒకటన్నమాట.

ఇక్కడిదాకా ఇది కణం తన బతుకు తాను చూసుకునే వ్యవహారం. ప్లేగు క్రిమి, యెర్సీనియా పెస్టిస్, దగ్గరికి వచ్చేసరికి అదే రసాయనం మనుషుల ప్రాణాలతో ముడిపడింది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు 1898కల్లా బెంగళూరును పట్టింది. అనంతపురానికి బెంగళూరు ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ఆ కాలంలో ప్లేగు వచ్చిందంటే ఊరు ఊరంతా ఇళ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. ఎలుకల నుంచి మనుషులకు దీన్ని తెచ్చేది ఈగలూ గాలీ కాదు, ఎలుకల మీది గోమార్ల వంటి చిన్న పురుగులని, అంటే ఫ్లీ అనే కీటకాలని, పాల్-లూయి సైమండ్ 1898లో కరాచీలో కనిపెట్టాడు.

అలా చూస్తే ప్లేగు క్రిమికి రెండు ఇళ్లు. ఒకటి కీటకం కడుపు, అక్కడి వేడి బయటి వాతావరణంతో పాటు మారుతుంది, చాలావరకు 20 నుంచి 28 డిగ్రీల మధ్య. రెండోది ఎలుక లేదా మనిషి ఒళ్లు, 37 డిగ్రీలు. కీటకంలో, లేదా 21 డిగ్రీల దగ్గర ల్యాబులో, పెరిగినప్పుడు ఈ క్రిమి లిపిడ్-ఏలో ఆరు తోకల అణువులు కూడా ఉంటాయి. 37 దగ్గర పెరిగితే దాదాపు అన్నిటికీ నాలుగే తోకలు. కారణం పైన చెప్పుకున్న ఎంజైమ్‌లలోనే ఉంది. ఈ.కోలైకి వేడిలో పనికొచ్చే ఎల్‌పీఎక్స్-ఎల్ లాంటిది ప్లేగు క్రిమి దగ్గర పనిచేసే స్థితిలో లేదు. చలిలో పనిచేసే ఎల్‌పీఎక్స్-పీ ఉంది గానీ 37 దగ్గర అది పనిలో ఉండదు. ఆ తోకలు తగిలించేవాళ్లే లేకపోతే లిపిడ్-ఏ నాలుగు తోకలతో ఆగిపోతుంది.

మన రక్షణ కణాల మీద టీఎల్ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. ఎల్‌పీఎస్‌ను పట్టుకునేది అదేనని 1998లో తేల్చినందుకు బ్రూస్ బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ గ్రాహకం ఆరు తోకల లిపిడ్-ఏను చూస్తే వెంటనే గగ్గోలు పెడుతుంది, జ్వరం వస్తుంది, తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. నాలుగు తోకలదాన్ని సరిగా పట్టుకోలేదు. కాబట్టి కీటకం కుట్టి లోపలికి వచ్చిన ప్లేగు క్రిమి 37 డిగ్రీల వేడిలో పొర మార్చుకుంటున్నకొద్దీ శరీరానికి కనిపించకుండా పోతుంది. లింఫు గ్రంథుల్లో కోట్లుగా పెరిగి బిళ్లలు కట్టేదాకా పెద్ద ప్రతిఘటన ఎదురవదు.

ఇది ఊహ కాదని 2006లో ఒక ప్రయోగం చూపింది. ఈ.కోలైలోని ఎల్‌పీఎక్స్-ఎల్ జన్యువును ప్లేగు క్రిమిలో పెట్టారు. ఇక 37 దగ్గర కూడా దాని లిపిడ్-ఏకి ఆరు తోకలు వచ్చాయి. మిగతా ఆయుధాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తీసేయలేదు. అయినా ఆ క్రిమి ఎలుకలను చంపలేకపోయింది. పైగా దాన్ని తట్టుకున్న ఎలుకలకు అసలు ప్లేగు నుంచి రక్షణ వచ్చింది. ఒక ఘోరమైన వ్యాధికి, ఒక టీకా లాంటి దానికి మధ్య తేడా రెండు కొవ్వు తోకలు. ఉష్ణోగ్రత, పొర రసాయనం అన్న అంశం మీద ఇంతకంటే బలమైన సాక్ష్యం మరొకటి లేదనే చెప్పాలి.

ఇందులోనే మరో చిన్న సంగతి ఉంది. తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ప్లేగు క్రిమి లిపిడ్-ఏ ఫాస్ఫేట్ల మీద అమైనోఅరబినోస్ అనే చక్కెరను ఎక్కువగా తగిలిస్తుంది. దాంతో రుణావేశం తగ్గుతుంది. పాలీమిక్సిన్, కొలిస్టిన్ లాంటి మందులు అతుక్కునేది ఆ రుణావేశానికే కాబట్టి అవి సరిగా పనిచేయవు. 37 దగ్గర ఆ చక్కెర తగ్గుతుంది, మందుకు క్రిమి లొంగుతుంది. అదే క్రిమి, అదే మందు, ఫలితం వేరు. యాంటీబయాటిక్ పరీక్షలు 35 డిగ్రీలకు అటూ ఇటూ రెండు డిగ్రీల లోపే చేయాలన్న నియమం వెనక పెరుగుదల వేగం లాంటి కారణాలు చాలానే ఉన్నాయి. పొర కూడా వాటిలో ఒకటి. కాబట్టి ఎండాకాలంలో ఇంక్యుబేటర్ లోపల ఒక థర్మామీటర్ విడిగా పెట్టి, రోజుకు రెండుసార్లు చూసి రిజిస్టర్‌లో రాసుకోవడం చాదస్తం అనిపించినా మానకూడదు.

ఫ్రిజ్ సంగతి కొంచెం. యెర్సీనియా ఎంటరోకోలిటికా అనే దగ్గరి చుట్టం 4 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది. అందుకే నిల్వ ఉంచిన రక్తం సంచుల్లోనూ అది అప్పుడప్పుడు ప్రమాదం తెచ్చిపెట్టింది. దాని ఎల్‌పీఎస్ పైనుండే చక్కెరల గొలుసు 22 నుంచి 25 డిగ్రీల దగ్గర దండిగా ఉండి 37 దగ్గర తగ్గిపోతుంది. ఫ్రిజ్ బ్యాక్టీరియాను చంపదు, నెమ్మదింపజేస్తుంది. చలికి పొర సర్దుకోగలిగిన వాటిని అంతగా నెమ్మదింపజేయలేదు కూడా.

ఇక రాయలసీమకు బాగా దగ్గరి విషయం. అనంతపురం అంటే వేరుశనగ. శనక్కాయ చెట్టును జాగ్రత్తగా పీకి వేళ్లు దులిపితే ఆవగింజంత, కొంచెం పెద్దవి, బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందని అర్థం. లోపల ఉండేది పైన చెప్పిన రైజోబియం వర్గంలోని బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా. ఇదీ గ్రామ్ నెగటివే, దీనికీ బయటి పొర ఉంటుంది. ల్యాబులో దీన్ని పెంచేది 28 డిగ్రీల దగ్గర, అది దీనికి ఇష్టమైన వేడి. ఎండాకాలంలో బీడు పడిన ఎర్రనేల పైపొర మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటడం మామూలే. వర్షాధారంగా సాగు చేసే చేలో జూన్, జూలైలో ఒక పదును వాన పడి మళ్లీ ముఖం చాటేస్తే విత్తనం పక్కన ఉన్న బ్యాక్టీరియా వేడెక్కిన నేలలో రోజుల తరబడి ఉండాలి.

ఈ బ్యాక్టీరియా పొర నిర్మాణం ఈ.కోలై కంటే భిన్నం. దీని లిపిడ్-ఏలో ఇరవై ఆరు, అంతకంటే ఎక్కువ కార్బన్లున్న అతి పొడవైన తోకలుంటాయి. అంత పొడవు తోక పొరకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా చేరుతుంది. అదీ కాక, మన కణాల్లో కొలెస్టరాల్ చేసే పని లాంటిది చేసే హోపనాయిడ్లు అనే వలయాకార కొవ్వులు ఇందులో ఉంటాయి. 2014లో అల్బా సిలిపో తదితరులు బ్రాడీరైజోబియంలో ఒక హోపనాయిడ్ నేరుగా లిపిడ్-ఏకే అతుక్కుని ఉందని చూపారు. అంతకుముందు ఏ బ్యాక్టీరియాలోనూ ఇలాంటిది కనపడలేదు. హోపనాయిడ్లను సరిగా తయారు చేసుకోలేని రకాలు వేడి, ఆమ్లత లాంటి ఒత్తిళ్లకు బలహీనపడతాయి, మొక్కతో సహజీవనం కూడా కుంటుపడుతుంది. అంటే పొర బిగువు ఒకవైపు వేడి నుంచి, ఇంకోవైపు బుడిపెలోకి వెళ్లాక మొక్క పెట్టే పరీక్షల నుంచి కాపాడుతోంది.

వేడికి బ్యాక్టీరియా చనిపోవడానికి పొర ఒక్కటే కారణం అనుకోకూడదు. ప్రోటీన్లు చెడిపోతాయి, నేల ఆరిపోతుంది, ఆకలి ఉంటుంది. అయినా విత్తనానికి పట్టించే రైజోబియం జీవన ఎరువు, అంటే ప్యాకెట్‌లోని కల్చర్, ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నలో పొర సంగతి ఎవరూ అడగరు. 28 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగిన కణం పొర 28కి సరిపడేలా అమరి ఉంటుంది. దాన్ని రేకుల షెడ్డు కింద దుకాణంలో వారాల తరబడి ఉంచి, మిట్టమధ్యాహ్నం విత్తనానికి పట్టించి, ఎండిన నేలలో వేస్తే సర్దుకునే వ్యవధి దానికి దొరకదు. కొవ్వులు మార్చుకోవాలన్నా కణానికి శక్తి కావాలి, తేమ కావాలి, కొంత సమయం కావాలి. ఆరిపోయిన కణం ఏమీ మార్చుకోలేదు.

కాబట్టి వేడి ప్రాంతాలకు రైజోబియం రకాలను ఎంపిక చేసేటప్పుడు 28 దగ్గర ఎంత వేగంగా పెరుగుతుందన్నది తక్కువ ప్రాధాన్యం ఉన్న ప్రశ్న. 37 దగ్గర, 40 దగ్గర పెట్టి ఎన్ని బతికాయో లెక్కించాలి, వాటి పొర కొవ్వులు ఎలా మారాయో చూడాలి, ఆ తర్వాత కుండీలో బుడిపెలు కడతాయో లేదో చూడాలి. స్థానిక ఎర్రనేలల్లో పెరిగిన శనక్కాయ బుడిపెల నుంచే రకాలను వేరు చేయడం అందుకే అర్థవంతమైన దారి. అవి ఎన్నో ఎండాకాలాలు దాటి వచ్చినవి.

రైతు వైపు నుంచి చేయగలిగింది తక్కువే అయినా ఉంది. ప్యాకెట్ కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ చూడటం, ఇంట్లో కడవ పక్కన చల్లని చోట పెట్టడం. శిలీంద్ర నాశిని పట్టించాల్సి ఉంటే దాన్ని ముందు పట్టించి ఆరనిచ్చి, కల్చర్‌ను అన్నిటికంటే చివర పట్టించాలి. కల్చర్ విత్తనానికి అంటుకోవడానికి బెల్లం నీళ్లు కాచితే పూర్తిగా చల్లారాకే కల్చర్ కలపాలి, గోరువెచ్చగా ఉన్నా ఆగాలి. పట్టించిన విత్తనాన్ని నీడలో ఆరబెట్టి, అదే రోజు, నేలలో పదును ఉండగా, ఎండ దిగాక వేసుకుంటే కణాలకు రాత్రంతా చల్లటి తేమ దొరుకుతుంది.